బావమరిది డబ్బాలో పై దవడ

ఆ ఊళ్లో ఎవరైనా నోరారా నవ్వితే, కనబడే పళ్లలో సగం పళ్ల మేస్త్రి చేసినవే. ఇది ఆయన సొంత లెక్క. ఇంటావిడ లెక్కలో అది పావు వంతు. ఎవరి లెక్క నిజమో తేల్చాలంటే ఊరంతటినీ వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించాలి. అంత ఓపిక ఎవరికుంది? కాబట్టి మేస్త్రి మాటే ఖాయం చేసుకుందాం.

ఆయన డాక్టరు కాదు. పళ్లు పీకడు, మందులు రాయడు. పీకించుకుని బోసినోళ్లతో మిగిలినవాళ్లకు కట్టుడు పళ్లు చేసి ఇస్తాడు. బస్టాండు వెనక సందులో, మేడమెట్ల కింద, పొడుగాటి గది ఆయనది. అడుగు పెట్టగానే చిగుళ్లు పోతపోసే గులాబీరంగు పొడిలో ద్రావకం కలిపిన ఘాటు ముక్కు అదరగొడుతుంది. ఒక కిటికీ దగ్గర మైనం కరిగించే స్పిరిట్ దీపం, చిన్న చాకులు, ఆకురాళ్లు. రెండో కిటికీ దగ్గర దూదిచక్రం తిరిగే మోటారు. దాని ముందు ఇంటావిడ కూర్చుని పళ్లకు మెరుపు పెడుతుంది. "ఈయన చేసేవి రాళ్లు. నేను రుద్దాకే అవి పళ్లవుతాయి" అని వచ్చినవాళ్ల ముందే అనేస్తుంది. మేస్త్రి కాదనడు. కాదంటే మర్నాడు ఆవిడ రుద్దదు.

ఆయన పనితనం గురించి చెప్పాలంటే ఒకటి చాలు. రిజిస్ట్రారాఫీసు తాతగారు ఒకసారి వాకిట్లో నిలబడి తుమ్మితే, సెట్టు మొత్తం ఎగిరి వెళ్లి ఎదురింటి కుక్క తోకను కరిచి పట్టుకుందట. కుక్క సందు చివరిదాకా పరిగెత్తినా పట్టు వదల్లేదట. అబద్ధమంటారా? కుక్కకు ఇంజక్షన్ వేసిన కాంపౌండరు ఇప్పటికీ ఉన్నాడు, వెళ్లి అడగండి. ఇంకొకాయన సెట్టు బావిలో పడిపోతే రెండేళ్ల తరవాత పూడిక తీసినప్పుడు దొరికింది. కడుక్కుని పెట్టుకుని, అక్కడే నిలబడి జామకాయ కొరికాడు. ఇది మాత్రం అచ్చంగా నిజం. జామకాయ దోరగా ఉందో లేదో తెలీదు.

గదికి మూడో గోడ లేదు. అంటే గోడ ఉంది, కనబడదు. కింది నుంచి పైదాకా అలమర పలకలు, పలకల నిండా సబ్బుల అట్టడబ్బాలు. ఒక్కో డబ్బాలో ఒక్కో మనిషి నోరు: పై దవడ అచ్చు, కింద దవడ అచ్చు, తెల్లటి సుద్దలో. ముప్పై ఏళ్లుగా చేసిన ప్రతి సెట్టుకూ అచ్చు దాచాడు. డబ్బాల మీద పేర్లు రాయడు. ఒకే పేరు ఊళ్లో ఇరవైమందికి ఉంటుంది, మారుపేరు మాత్రం ఒక్కడికే ఉంటుందని ఆయన వాదన. అందుకే అక్కడ "అప్పడాల మామ్మ", "ఈలల మాస్టారు", "బ్యాంకులో మూడో కిటికీ", "ఎప్పుడూ ఆలస్యం" అంటూ ఊరంతా వరసలు కట్టి ఉంటుంది. డబ్బా మూసే ముందు పై అచ్చును కింది అచ్చు మీద పెట్టి, రెండూ టక్కున కరుచుకున్నాయో లేదో చూసుకోవడం ఆయనకు అలవాటు. చూసుకోకుండా మూత పెడితే అన్నం సహించదు.

ఇదంతా ఆయన ఉద్యోగం. అసలు వృత్తి వేరే ఉంది. అది నేరపరిశోధన.

మధ్యాహ్నం మూడింటికి మోటారు ఆగుతుంది, టీ వస్తుంది, పరిశోధక బృందం సమావేశమవుతుంది. బృందమంటే ముగ్గురు. రిటైరైన బస్సు కండక్టరు ఒకడు. మేస్త్రికి చుట్టమేమీ కాదుగానీ ముప్పై ఏళ్లుగా బావా అనే పిలుస్తాడు. ఒకసారి చూసిన మొహం మరిచిపోనని అతని గొప్ప. రెండో మనిషి లైబ్రరీ అక్కయ్య. ఊళ్లో అందరికీ ఆవిడ అక్కయ్యే, ఆవిడకంటే పెద్దవాళ్లకు కూడా. పేపర్లలో వచ్చే నేరాలన్నీ కత్తిరించి, తేదీలవారీగా అతికించిన పుస్తకాలు ఆవిడ దగ్గర పద్నాలుగున్నాయి. మూడో మనిషి మేస్త్రి.

ఈ ముగ్గురూ ఇంతవరకు తేల్చిన నేరం ఒక్కటీ లేదు. ఒకసారి పెద్ద సంచీ వేసుకుని ఇంటింటి గోడల వైపూ తొంగిచూస్తున్న ఒక మనిషిని పదకొండు రోజులు వెంబడించారు. అతను కరెంటు మీటర్లు చూసుకునే ఉద్యోగి. పన్నెండో రోజున అతనే పోలీసుల దగ్గరికి వెళ్లి, ముగ్గురు అనుమానాస్పద వ్యక్తులు తన వెంట పడుతున్నారనీ, వాళ్లలో ఒకావిడ ఎప్పుడూ కత్తెర పట్టుకుని ఉంటుందనీ ఫిర్యాదు ఇచ్చాడు.

అలాంటివాళ్ల బల్ల మీదికి ఒక మధ్యాహ్నం కుళాయిల మనిషి వచ్చిపడ్డాడు.

కుళాయిల మనిషి సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. పదిహేనేళ్లలో నాలుగు ఊళ్లలో, ఒంటరిగా ఉండే నలుగురు ఆడవాళ్లు తమ ఇళ్లలోనే హత్యకు గురయ్యారు. తలుపు పగలలేదు, తాళం విరగలేదు. నలుగురి ఇళ్లలోనూ అంతకు వారం ముందే ఎవరో ఒక మనిషి వచ్చి కుళాయి బాగుచేసి వెళ్లాడు. పోలీసులు అతని కోసం ఏళ్ల తరబడి వెతికారు. ఇప్పుడు పక్క ఊళ్లో, ఒక కొట్టు మీది అద్దెగదిలో ఉండే యాభై ఏళ్ల మనిషి గుండె ఆగి మెట్ల మీద పడిపోయాడు. గది తెరిస్తే మంచం కింద ట్రంకుపెట్టెలో నాలుగు ఆడవాళ్ల కళ్లజోళ్లు, ఒక్కోటీ ఒక్కో పాత పేపర్లో చుట్టి ఉన్నాయి. పేపర్ల తేదీలు నాలుగు హత్యల తేదీలతో సరిపోయాయి.

"అయితే దొరికినట్టే కదా, ఇంకేముంది?" అంది ఇంటావిడ, దూదిచక్రం దులుపుతూ.

"దొరికింది శవం, చెల్లెమ్మా. మనిషి దొరకలేదు" అన్నాడు కండక్టరు. "వాడు చెప్పుకున్న పేరు వాడిది కాదట. నలభై ఏళ్ల కిందట పోయిన ఎవడిదో కాగితాలు పెట్టుకుని బతికాడు. అసలు వాడెవడో పోలీసులకే తెలీదు. నేనైతే వాణ్ని చూసే ఉంటాను. నా బస్సు ఎక్కే ఉంటాడు."

"నీ బస్సు ఎక్కనివాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదులే" అన్నాడు మేస్త్రి.

"వినండి, పోట్లాడుకోకండి." లైబ్రరీ అక్కయ్య కళ్లజోడు సర్దుకుని పేపరు విప్పింది. "పై వరసలో ముందు రెండు పళ్లు కట్టుడువి. పాతకాలపు పని. పంటి తయారీదారులెవరైనా గుర్తుపడితే తెలియజేయవలసిందిగా... ఇదుగో, సెట్టు ఫొటో కూడా వేశారు. మేస్త్రిగారూ, ఇది మీ శాఖ."

మేస్త్రి పేపరు అందుకున్నాడు. రెండు పళ్లున్న చిన్న గులాబీరంగు ప్లేటు. రెండు పక్కలా పట్టు కోసం తీగ కొక్కేలు. ఆ తీగ చివర్లు కోసి వదిలేసినవి కావు. చిగుళ్లు గీసుకోకుండా గుండ్రంగా, చెవితమ్మెలా మడిచి ఉన్నాయి. ఈ చుట్టుపక్కల అలా మడిచేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు ఇప్పుడు పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన గుండెలో ముందు పుట్టింది భయం కాదు. ఆ సంగతి తరవాత తలుచుకుని ఆయన చాలాసార్లు సిగ్గుపడ్డాడు. ముందు పుట్టింది గర్వం. పాతికేళ్లు దాటినా కొక్కెం వంగలేదే, రంగు పోలేదే అనుకున్నాడు. పొంగిపోయి "ఇది నేను చేసిందే!" అని పైకి అనేశాడు కూడా.

దూదిచక్రం దులపడం ఆగింది. ఇంటావిడ లేచి వచ్చి, ఆయన భుజం మీదుగా ఫొటో చూసింది. పక్కనే చనిపోయిన మనిషి మొహం కూడా వేశారు. గడ్డం, మూసిన కళ్లు, ఎవరైనా కావచ్చు. ఆవిడ చాలాసేపు చూసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, "మా తమ్ముడికి కూడా ఇవే రెండు పళ్లు కదండీ" అంది.

టీ గ్లాసులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

ఇంటావిడ తమ్ముడు అక్కాబావల ఇంట్లోనే పెరిగాడు. సైకిల్ మీంచి పడి ముందు రెండు పళ్లు పోగొట్టుకుంటే, గది తెరిచి అప్పటికి నాలుగేళ్లయిన మేస్త్రి తన చేత్తో కట్టిచ్చాడు. ఇరవై ఆరేళ్ల కిందటి మాట. ఆ కుర్రాడు ఏ పనిలోనూ నెల నిలవలేదు. ఒకరోజు విసిగిపోయిన అక్క "చేతకానివాళ్లకు నా ఇంట్లో చోటు లేదు, ఫో" అంది. నిజంగానే వెళ్లిపోయాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోవడానికి ఆవిడ ఇరవై ఆరేళ్లుగా ఎదురుచూస్తోంది.

"చిన్న చిన్న రిపేర్లు వాడికి బాగా వచ్చు" అంది ఆవిడ మెల్లగా. "మన కుళాయి కూడా వాడే బాగుచేసేవాడు."

"రెండు పళ్ల సెట్లు ఎంతమందికి చెయ్యలేదు నేను!" అన్నాడు మేస్త్రి.

"ఆ రోజుల్లోనా? ఎంతమందికి?"

ఆయన ఆకురాయి తీసి తుడవసాగాడు. ఆ రోజుల్లో గదికి వచ్చేదే నెలకు నలుగురు.

కండక్టరు, ఎప్పుడూ నోట్లో నువ్వుగింజ నానని మనిషి, చెప్పులు వేసుకుని "వస్తాను చెల్లెమ్మా" అని మాత్రం అన్నాడు. లైబ్రరీ అక్కయ్య పేపరు మడిచింది. కత్తిరించలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో ముగ్గురూ పక్క ఊరి పోలీసు స్టేషనుకు వెళ్లారు. వెళ్లకుండా ఉండిపోవచ్చు. ఆ ఆలోచన మేస్త్రికి రాకపోలేదు. కానీ ఇంటావిడే టిఫిన్ డబ్బా కట్టి చేతిలో పెట్టి, "వెళ్లి చెప్పేసి రండి. చెప్పకపోతే నేను రోజూ చస్తాను" అంది.

ఎస్సై మేడం యువతి, తొందర మనిషి. మేస్త్రి ఫలానా అని తెలియగానే స్టేషన్లో ముగ్గురు కానిస్టేబుళ్లు నోళ్లు తెరిచి చూపించారు. ఆవిడ వాళ్లను కసిరి, ప్లాస్టిక్ కవర్లోని సెట్టు బల్ల మీద పెట్టింది. మేస్త్రి చూశాడు. తనదే. అనుమానం లేదు.

"ఎవరికి చేశారో చెప్పగలరా?"

"చూసి చెప్పలేనండి. అచ్చు మీద కూర్చోబెట్టి చూస్తే చెప్పగలను. ఒక నోటికి చేసింది ఇంకో నోట్లో కూర్చోదు. అచ్చులన్నీ మా గదిలో ఉన్నాయి."

"అయితే రేపు పదింటికి మేమే వస్తాం" అంది ఎస్సై.

మర్నాడు తొమ్మిదిన్నరకు మేస్త్రి గదిలో ఒక్కడే ఉన్నాడు. స్టూలు ఎక్కి పై పలక మీంచి "బావమరిది" అని రాసిన డబ్బా దించాడు. బల్ల మీద పెట్టాడు. పక్కన చిన్న సుత్తి ఉంది, అచ్చులు విడగొట్టడానికి వాడేది. సుద్ద అచ్చు ఎంతసేపు? ఒక్క దెబ్బ చాలు. ఇరవై ఆరేళ్ల డబ్బాలు ఎన్ని పగిలిపోలేదు, ఎన్ని తడిసి పాడైపోలేదు! ఒకటి లేదంటే అడిగేవాడెవడు? చేతిలోకి సుత్తి ఎప్పుడు వచ్చిందో ఆయనకే తెలీదు.

"కొట్టకండి."

ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. తల దువ్వుకుని, ఊరికెళ్లేదానిలా ఉతికిన చీర కట్టుకుంది.

"నీ కోసమే" అన్నాడాయన.

"తెలుసు. నా కోసమే కొట్టకండి. వాడైతే వాడే. ఆ పాపంలో నా మాట ఎంతుందో తెలుసుకునే మోస్తాను. తెలీకుండా మొయ్యడం నావల్ల కాదు."

ఆయన సుత్తి సొరుగులో పడేసి సొరుగు మూశాడు.

పదింటికి జీపు వచ్చింది. ఎస్సై, ఒక కానిస్టేబులు, కండక్టరు, లైబ్రరీ అక్కయ్య, గదిలో కాలు పెట్టే చోటు లేదు. మేస్త్రి ముందు ఆ కాలపు వేరే డబ్బాలు రెండు తీశాడు. సెట్టు వాటి మీద కూర్చోలేదు, వేడి పెనం మీద పేలంలా ఎగిరిపడింది. ఇక తప్పలేదు. బావమరిది డబ్బా తెరిచి పై అచ్చు తీశాడు. ప్లేటు ఆనించి, బొటనవేళ్లతో మెల్లగా నొక్కాడు.

టక్.

అంత చక్కగా కూర్చున్న సెట్టును ఆయన తన జీవితంలో చూడలేదు. ఇంకెప్పుడూ చూడకూడదనుకున్నాడు.

ఎస్సై నోటుబుక్కు తీసి, గొంతు బాగా తగ్గించి, "మీకేమవుతాడు?" అని అడిగింది.

"బావమరిది."

ఇంటావిడ ఏడవలేదు. వెళ్లి తన మోటారు ముందు కూర్చుంది. మోటారు వెయ్యలేదు. ఆగి ఉన్న దూదిచక్రాన్ని వేలితో కొంచెం కొంచెంగా తిప్పుతూ కూర్చుంది. లైబ్రరీ అక్కయ్య వెళ్లి ఆవిడ వెనక నిలబడింది.

ఎస్సై రాసుకుంటోంది. మేస్త్రికి ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు ఆయన చేతులు వాటంతట అవే పని చేస్తాయి. సెట్టు తీసి కవర్లో వేశాడు. అచ్చులు డబ్బాలో సర్దబోయాడు. అలవాటుకొద్దీ పై అచ్చును కింది అచ్చు మీద పెట్టాడు.

కరుచుకోలేదు.

తిప్పి పెట్టాడు. అటూ ఇటూ ఊగింది, ఒక కాలు పొట్టైన స్టూల్లా. కొంచెం వెనక్కి జరిపాడు. ఎడమ పళ్లు తగిలితే కుడి పళ్లకు సందు, కుడివి తగిలితే ఎడమ వాటికి సందు.

"బావా, ఇక ఉంచరా" అన్నాడు కండక్టరు, భుజం మీద చెయ్యి వేసి.

"కూర్చోవడం లేదురా."

"కూర్చుంది కదా, ఇప్పుడేగా అందరం చూశాం."

"సెట్టు కూర్చుంది. దవడలు కూర్చోవడం లేదు." మేస్త్రి రెండు అచ్చులూ పైకెత్తి చూపించాడు. "మేడం, రాయడం ఒక్క నిమిషం ఆపండి. ఈ రెండూ ఒక మనిషివి కావు. పైది ఒకడిది, కిందిది ఇంకొకడిది."

ఎస్సై పెన్ను ఆగింది. "ఒకే డబ్బాలో ఉన్నాయి కదండీ?"

"ఉండకూడదు! నేను కరిపించి చూడకుండా డబ్బా మూయను. నూట నాలుగు జ్వరంలో ఉన్నా..." అంటూ సగంలో ఆగిపోయాడు.

మోటారు దగ్గరి నుంచి ఇంటావిడ తలెత్తింది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

పదిహేనేళ్ల కిందట ఒక వానాకాలం పై పలక నాని విరిగిపోయింది. డబ్బాలన్నీ కిందపడి, కింది అచ్చులు డబ్బాల్లోనే మిగిలినా, పై అచ్చులు నేలంతా దొర్లాయి. మేస్త్రి అప్పుడు జ్వరంతో మంచంలో ఉన్నాడు. ఏరి, తుడిచి, డబ్బాల్లో పెట్టింది ఇంటావిడ. మెరుపు పెట్టడం ఆవిడ పని, కరిపించి చూడటం ఆవిడ పని కాదు. మూత మీద ఏముందో చూసి, ఒక్కో కిందిదాని మీద ఒక్కో పైది పెట్టి మూసేసింది. ముందు రెండు పళ్లు లేని పై అచ్చు అంటే తమ్ముడిదే అనుకుంది.

"రెండు కనిపించాయి" అంది ఆవిడ నెమ్మదిగా, నేల మీద వాటినే చూస్తున్నట్టు. "రెండిటికీ ముందు పళ్లు లేవు. ఏది చేతికొస్తే అది పెట్టాను."

"సరేనండి" అంది ఎస్సై. ఆవిడ తొందర మనిషే కానీ తెలివితక్కువది కాదు. "కలిసిపోయాయే అనుకుందాం. అప్పుడైనా ఈ పైదే మీ తమ్ముడిది కావచ్చుగా? కిందిదే ఇంకెవరిదో కావచ్చుగా?"

మేస్త్రి ఆ కింది అచ్చును వెలుగుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు. ఎన్ని వేల నోళ్లు చూశాడు! ఇరవై ఆరేళ్ల కిందటి కింద దవడ ఎవరిదని గుర్తుపడతాడు?

ఇంటావిడ లేచి వచ్చింది. "ఆ కిందిది ఇలా ఇవ్వండి" అంది. అచ్చును అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలితో పళ్ల వరస మీద మెల్లగా రాసింది. ఎడమవైపు మూడో పన్ను దగ్గర వేలు ఆగింది. ఆ పన్ను పక్కకు తిరిగి ఉంది, ఓరగా తెరిచిన తలుపులా.

"వీడు మా వాడే" అంది. "ఈ పన్ను పట్టుకునే రోజూ ఏడిపించేదాన్ని. ‘తలుపేసుకోరా, దోమలొస్తాయి’ అనేదాన్ని. రెండు చేతులతో నోరు మూసుకునేవాడు." కళ్లు తెరిచి ఎస్సై వైపు చూసింది. "కిందిది మా వాడిది. ఆ పైది మా వాడిది కాదు. కాదు కదండీ?" రెండో మాట మేస్త్రినడిగింది.

"కాదు" అన్నాడు మేస్త్రి. ఒక్క మాటే అన్నాడు. ఒక్క మాట అంత గట్టిగా ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారని కండక్టరు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇక ఆ గదిలో ఎస్సై, కానిస్టేబులు అన్న తేడా లేకుండా అందరూ స్టూళ్లెక్కి డబ్బాలు దించారు. ఆనాడు ఆ పలక మీంచి పడ్డవి నలభై ఒకటి. ఒక్కోటీ తెరవడం, మేస్త్రి చేతికివ్వడం, ఆయన ఆ పై అచ్చును దాని మీద పెట్టి చూడటం. ఊగింది, ఊగింది, ఊగింది. కానిస్టేబుల్ చొక్కా నిండా సుద్ద. ముప్పై మూడో డబ్బాలో కింది అచ్చు మీద పెట్టగానే రెండు దవడలూ ఎప్పటినుంచో విడిపోయిన చుట్టాల్లా గట్టిగా కరుచుకున్నాయి. ఆ డబ్బాలో ఉన్న పై అచ్చు తీసి తమ్ముడి కింది అచ్చు మీద పెడితే అదీ టక్కున కూర్చుంది.

మేస్త్రి మూత తిప్పి చదివాడు. "బొగ్గుల కొట్టు చిన్నోడు."

"ఇదేం పేరండీ?" అంది ఎస్సై.

"పేరు కాదండి. గుర్తు."

"అసలు పేరు?"

మేస్త్రి కండక్టరు వైపు చూశాడు. అప్పుడు కండక్టరు ముందుకొచ్చాడు. జీవితమంతా ఎదురుచూసిన ఘడియ అది. "బొగ్గుల కొట్టు పాత డిపో వెనక ఉండేది మేడం. తండ్రి పోయాక మూసేశారు. చిన్నోడు నా బస్సులోనే వెళ్లేవాడు, చేతిలో పనిముట్ల పెట్టె. ఒకసారి టిక్కెట్టు తీసుకోమంటే నా వైపు చూశాడు చూడండి..." అని మొదలెట్టి, ఇంటావిడ మొహం చూసి ఆపేశాడు. "ఇప్పుడక్కడ వాళ్లక్క ఒక్కతే ఉంటోంది. బట్టలు ఇస్త్రీ చేస్తుంది" అని ముగించాడు. లైబ్రరీ అక్కయ్య అప్పటికే పాత చందాదారుల రిజిస్టరు కోసం లైబ్రరీకి పరుగెత్తింది. పావుగంటలో తిరిగొచ్చింది, తండ్రి పేరుతో, చిరునామాతో, చిన్నప్పుడు ఆ కుర్రాడు తీసుకుని తిరిగివ్వని ఒక పుస్తకం వివరాలతో సహా.

ముప్పై ఏళ్లలో పరిశోధక బృందం తేల్చిన మొదటి కేసు అది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఎస్సై టోపీ పెట్టుకుంది. "పదండి, ఆవిడ దగ్గరికి వెళ్దాం. శవంతో పోల్చడానికి రక్తం నమూనా కూడా తీసుకోవాలి."

"జీపు వద్దు మేడం" అంది ఇంటావిడ. "ముందు నేను వెళ్తాను. ఒక గంట ఇవ్వండి."

"మీకెందుకమ్మా? ఇక మీకు సంబంధం లేదు. మీ తమ్ముడు కాడని తేలిపోయింది కదా."

"తేలింది. అందుకే వెళ్తానంటున్నాను."

ఎస్సై గడియారం చూసుకుంది. "గంట" అంది.

మొగుడూ పెళ్లాలు ఇద్దరూ నడిచే వెళ్లారు. దారి పొడుగునా మేస్త్రి ఏదో అనాలనుకున్నాడు. మనవాడు కాదు, బతికిపోయాం అనబోయి, ఆవిడ నడక చూసి మానుకున్నాడు. డిపో గోడ మలుపులో ఆవిడే అంది. "మనవాడెక్కడున్నాడో ఇవాళ కూడా తెలీలేదు."

"కింది పళ్ల ఫొటో పేపర్లో వేయిద్దాం" అన్నాడాయన. "ఆ తలుపు పన్ను కనబడేలా."

"వేయిద్దాం. ఏం రాయాలో మాత్రం నేను చెప్తాను."

ఇస్త్రీ ఆవిడ ఇల్లు ఒకటే గది. వాకిట్లోనే బల్ల, బల్ల మీద దుప్పటి మడత, బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఒక పక్క చొక్కాల మడతలు, ఇంకో పక్క ముడతల గుట్ట. ఆవిడకు అరవై ఉంటాయి. చేతిలో పని ఆపకుండానే తలెత్తి, "కొత్తవాళ్లా? రేపు సాయంత్రానికి గానీ ఇవ్వలేను" అంది.

"బట్టల కోసం కాదక్కా" అంది ఇంటావిడ. "మీ తమ్ముడి కబురు."

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగిపోయింది. ఆవిడ ఒకరి మొహం తరవాత ఒకరి మొహం చూసింది. ఏళ్ల తరబడి ఆ మాట కోసం ఎదురుచూసిన మనిషి కళ్లు ఎలా ఉంటాయో మేస్త్రికి బాగా తెలుసు. ఇంట్లో రోజూ చూస్తున్నవే.

"ఉన్నాడా?" అంది.

"లేడక్కా. కూర్చో."

ఇద్దరూ గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. ఇంటావిడ ఆవిడ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, గొంతు పెంచకుండా, ఏదీ దాచకుండా చెప్పింది. గది, మెట్లు, కళ్లజోళ్లు, నలుగురు ఆడవాళ్లు. మేస్త్రి ఆ పక్కకు చూడలేకపోయాడు. చొక్కా నుంచి పొగ వాసన వచ్చింది. గబుక్కున పెట్టె ఎత్తి పక్కన పెట్టాడు. మచ్చ పడలేదు. ఊరికే నిలబడలేక, మళ్లీ పెట్టె అందుకుని చొక్కా రుద్దడం మొదలెట్టాడు.

"నువ్వెవరమ్మా? నీకెలా తెలుసు ఇదంతా?" అంది ఇస్త్రీ ఆవిడ.

"రెండ్రోజులు వాడికి అక్కని నేనే అయ్యానక్కా" అంది ఇంటావిడ. "ఇందాకటి వరకూ."

ఆవిడకు ఎంత అర్థమైందో తెలీదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఆ ఆడవాళ్లకి పిల్లలున్నారా?"

"ఇద్దరికి ఉన్నారు."

ఆవిడ తలూపింది. కళ్లు ఒత్తుకుంది. తరవాత లేచి వచ్చి, మేస్త్రి చేతిలోంచి పెట్టె తీసుకుంది. "అలా కాదు బాబూ. ముందు కాలరు చెయ్యాలి. కాలరు బిగిస్తే మిగతాదంతా దానంతటదే సాగుతుంది" అంది. ఆయన చేసిన ముడతల మీద నీళ్లు చిలకరించి మళ్లీ మొదలెట్టింది. ఇంటావిడ పక్కన నిలబడి, చేసిన చొక్కా చేసినట్టు మడతపెట్టసాగింది.

సందు చివర జీపు చప్పుడైంది. గంట కంటే అయిదు నిమిషాలు ముందే వచ్చేసింది. మేస్త్రి గబగబా ఎదురెళ్లి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఎస్సైని ఆపాడు.

"చెప్పారా?"

"మా ఆవిడ చెప్పింది మేడం. ఇస్త్రీ ఆవిడ వస్తానంది. కానీ ఇంకా ఆరు చొక్కాలున్నాయి. సాయంత్రం ఇస్తానని మాటిచ్చిందట."

ఎస్సై ఆ వాకిలి వైపు చూసింది. బల్లకు ఆ పక్కా ఈ పక్కా ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో పొగ. ఆవిడ డ్రైవరు భుజం తట్టి ఇంజను ఆపించింది.